పూతరేకుల పందెం

మా ఆయనకి ఒక అంబాసిడర్ కారు, నాకొక పద్మిని కారు. ఆయనది మా మామగారు కొన్నది. నాది నేను టీచరుగా చేరిన కొత్తలో, ఎవరో వాడినదాన్ని ఇష్టపడి కొనుక్కున్నది. రిటైరయ్యాక ఇద్దరికీ వాటిని తుడుచుకోవడమే పని.

అమలాపురంలో మా ఇంటి షెడ్డులో ఒక్క కారే పడుతుంది. రెండోది కొబ్బరిచెట్ల కింద ఉండాలి. మామగారి బండి అన్న గౌరవంతో ఇన్నాళ్ళూ నాదే బయట ఉండిపోయింది. మొన్న వేసవిలో ఒక కాయ ఊడిపడి దాని బానెట్టు సొట్టపోయింది. షెడ్డు పెంచుదామంటే పక్కనే పొలాలకి నీళ్ళు పారే పంటబోదె. కాపుచెట్టు కొట్టించే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇక ఒకటి అమ్మేయాల్సిందే. ఏది అన్నదే గొడవ.

రోజూ కాఫీ దగ్గరే మొదలయ్యేది. ఆయనది పెట్రోలు మంచినీళ్ళలా తాగుతుంది, స్టీరింగు తిప్పితే భుజాలు పడిపోతాయి. నాది తాళం తిప్పగానే లేస్తుంది, ఎంత ఇరుకు సందులోనైనా మళ్ళుతుంది.

"దాని సామాను కోసం రాజమండ్రి అంతా గాలించాలి. నా బండికి ఊళ్ళో ఏ మెకానిక్కయినా చెయ్యేస్తాడు" అనేవారు ఆయన. అది నిజమే. ఒప్పుకుంటే ఓడిపోయినట్టు కదా, ఒప్పుకోలేదు.

మా వాదన వినలేక ఆయన అక్కగారు తీర్పు చెప్పారు. "ఆత్రేయపురం వెళ్ళి చెరో డబ్బా పూతరేకులు తెండి. డబ్బా వెనకసీటు మీదే ఉండాలండోయ్. ఎవరివి విరక్కుండా వస్తే వాళ్ళ బండి ఉంటుంది."

వెళ్ళాం. తిరిగి వస్తుంటే కొత్తపేట దాటేదాకా ఎంత హాయో! పక్కనే కాలువ, కిటికీలోంచి గాలి, ముందు ఏనుగులా ఊగుతూ పోతున్న ఆయన బండి. పాట కూడా అందుకున్నాను. అంతలో ఓ గతుకు దగ్గర నా కారు ఎగిరిపడింది. వెనక డబ్బా టక్కుమంది.

ఇంటికొచ్చాక వదినగారు డబ్బాలు విప్పారు. ఆయనవి చెక్కుచెదరలేదు. నావి సగం పొడి. వదినగారు ఆ పొడి చెంచాతో తింటూ "రుచికేం లోటు లేదమ్మా" అన్నారు. నాకు నవ్వు రాలేదు. సొంత సంపాదనతో కొనుక్కున్న మొదటి వస్తువు ఆ బండి. తాళం ఆయన చేతిలో పెట్టాను.

ఆయన తిన్నగా వెళ్ళి నా పద్మినిని షెడ్డులో పెట్టారు. తన బండిని చెట్ల కింద ఆపేశారు.

"అదేంటండీ, గెలిచింది మీరు కదా?"

"ఆయ్, గెలిచేను కాబట్టే నా మాట చెల్లుద్ది. రెండూ ఉంటాయి. నీ బండి రేకు పల్చన, కాయ పడితే తట్టుకోలేదు. నాది ఇనప్పెట్టె."

సంతోషం పట్టలేక వదినగారి ముందే ఆయన చెయ్యి పట్టేసుకున్నాను.

మర్నాడు పొద్దున్న బయట ధన్‌మని చప్పుడైంది. ఆయన కాఫీగ్లాసు దించలేదు. "చూసేవా, తట్టుకుంది" అన్నారు, చూడకుండానే. నేను వెళ్ళి స్టూలెక్కి చూశాను. టాపు నడిమధ్య అరచేతంత సొట్ట.

లోపలికొచ్చి, "గీతైనా పడలేదండీ" అన్నాను.