ముల్లు ఆగిన చోటు

మా మనవరాలు నర్సు చదువుతోంది. మొన్న గుమ్మంలో కూర్చుని ఒక లెక్క పైకి చదువుతుంటే విన్నాను. రోగి బరువు ఇంత, కిలోకి మందు ఇంత, సీసాలో నీళ్లు ఇన్ని, నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి అని. "ఆ బరువెవరు సూశారే?" అన్నాను. "లెక్కలోనే ఇచ్చేత్తారమ్మమ్మా, మనకెందుకు?" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఉక్కు ఫ్యాక్టరీకి పునాదులు పడుతున్న రోజుల్లో మా పెద్ద తోటికోడలి కూతురికి మలేరియా మెదడుకెక్కింది. అడుగులు బాగా వచ్చిన పిల్ల. ఇసకలో పీతల వెంట పరుగెత్తేది. ఆ రోజు తల నిలపడం లేదు. తోటికోడలు, మా అత్త, నేను రిక్షా కట్టించుకుని ఆసుపత్రికి పోయాం. మా ముగ్గురికీ ఒక్క అక్షరం గానీ అంకె గానీ రాదు. నర్సమ్మ సీసా తగిలించి, పిల్ల బరువెంత అని అడిగింది. మా అత్తకి అది వింతగా తోచింది.

"సేపల్ని తూత్తాం గానీ పిల్లల్ని తూత్తామేటమ్మా? దిష్టి కొట్టదూ? నువ్వే ఓపాలి ఎత్తి సూడు, తెలుత్తాది."

"ఎత్తి సూసి మందెయ్యలేను మామ్మా. ఎక్కువైతే గుండాగిపోద్ది, తక్కువైతే జొరం దిగదు."

పిల్ల నిలబడలేదు గనక, తల్లిని ఎత్తుకుని కాటా ఎక్కమంది. గుండ్రటి పలక మీద ముల్లు ఊగి ఆగింది. ఇప్పుడు పిల్లని దింపి ఒక్కదానివే ఎక్కు, అందులోంచి ఇది తీసేస్తే పిల్ల బరువొస్తుంది అంది. తోటికోడలు కదల్లేదు. అంతకుముందు ఒక బిడ్డని పోగొట్టుకున్న మనిషి. "ఒట్టి సేతుల్తో నానెక్కను," అంది. నర్సమ్మ ఒకసారి గడియారం చూసుకుంది, ఒకసారి మా మొహాలు చూసింది.

"అక్కా, నాకియ్యి. మళ్లీ నీ సేతికే ఇచ్చేత్తాను," అన్నాను.

పిల్లతో ఎక్కాను. దిగి, పిల్లని తల్లికిచ్చి, ఒక్కదాన్నే ఎక్కాను. ఒళ్లంతా కాలుతున్న పిల్ల అంతవరకూ నా మెడ మీద ఊపిరి విడిచింది. ఆ చోట ఒక్కసారిగా చల్లబడింది. నర్సమ్మ అరచేతిలో పెన్నుతో ఏదో రాసుకుని, గడియారం చూస్తూ చుక్కలు సరిచేసింది. మందు సరిగ్గానే ఎక్కింది. మేమే ఆలస్యంగా తెచ్చామన్నారు. మర్నాటికి పిల్ల లేదు.

ఫొటో లేదు. ఎప్పుడు పుట్టిందో ఎవరూ రాసుకోలేదు. తర్వాత ఎన్నో ఏళ్లు, చేపలు ఎండేస్తూ తోటికోడలు ఉన్నట్టుండి అడిగేది: "నా పిల్ల ఎంత తూగిందే సెల్లీ? నువ్వు సూసేవు కదేటి." చూశాను. ముల్లు రెండుసార్లూ ఎక్కడ ఆగిందో ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. నర్సమ్మని అడగాలని తోచేసరికి ఆమె వేరే ఊరికి బదిలీ అయిపోయింది. అరచేతిలో రాత ఎన్నాళ్లుంటుంది?

జుట్టు నెరిశాక వయోజనుల బడికి పోయి అక్షరాలు, అంకెలు, తీసివేతలు నేర్చుకున్నాను. అప్పటికి తోటికోడలు లేదు. కళ్లు మూసుకుంటే పలక కనిపిస్తుంది, ముల్లు కనిపిస్తుంది, అంకెలుండాల్సిన చోట మాత్రం అప్పటి నల్లగీతలే ఉంటాయి. ఆలస్యంగా వచ్చిన చదువు రాబోయే రోజులకే పనికొస్తుంది; గడిచిన రోజుల్ని కాలం నా చేత చదివించదు.