చెక్క తీశావా?

బట్టల కంపెనీలో నాలుగో లైనులో కాలర్లు కుట్టే ఆమెకి స్తంభం అని పేరు పెట్టాడు సూపర్‌వైజరు. తిట్టి పెట్టిన పేరు కాదు, మెచ్చుకుని పెట్టిందే. పొద్దున ఎనిమిదికి మిషను ముందు కూర్చుంటే భోజనం గంట కొట్టేదాకా, మళ్ళీ భోజనం అయ్యాక సాయంత్రం గంట కొట్టేదాకా ఆమె కుర్చీ చప్పుడయ్యేది కాదు. భోజనం వేళ రెండే రెండు బాత్రూముల ముందు అరవై మంది బారు. ఆ బారులో నిలబడితే తినడానికి టైముండదు, తింటే బారుకి టైముండదు. ఆమె తినేది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. సూపర్‌వైజరు బల్ల పక్కన గోడకి ఒక కొక్కెం, దానికి అరచేతంత ఎర్ర చెక్క. లైనంతటికీ అదొక్కటే. బాత్రూముకి వెళ్ళాలంటే ఆ చెక్క తీసుకుని వెళ్ళాలి, వచ్చాక మళ్ళీ తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉంటే ఇంకొకరు లేవకూడదు. తీసినవాళ్ళు తమ మిషను నంబరు పక్కనున్న పలక మీద సుద్దముక్కతో రాసి మరీ కదలాలి. సాయంత్రం సూపర్‌వైజరు ఆ పలక చూసి ఎవరి నంబరు ఎన్నిసార్లు పడిందో పైకి చదివేవాడు. తిట్టేవాడు కాదు. చదివేవాడు, అంతే. ఆడవాళ్ళని సిగ్గుపెట్టడానికి ఇంతకంటే తెలివైన ఏర్పాటు ఏ పెద్ద చదువులు చదివినవాడు కనిపెట్టాడో గానీ, బాగానే కనిపెట్టాడు.

పదకొండేళ్ళలో ఆ పలక మీద ఆమె పదిహేడో నంబరు పడలేదు. కొత్తగా చేరిన పిల్లలకి సూపర్‌వైజరు ఆమెని చూపించి, "అదిగో, అది స్తంభం. దానికి పొట్ట లేదు, చేతులే ఉన్నాయి" అనేవాడు. ఆ మాటకి ఆమె తల ఎత్తేది కాదు గానీ, సూది కింద కాలరు ముక్క ఇంకాస్త సూటిగా నడిచేది.

పక్క మిషను మీద కాజాలు వేసే ఆవిడ ఒక్కతే ఊరుకునేది కాదు. రోజుకి మూడుసార్లు చెక్క తీసేది. తీసినప్పుడల్లా, "నేను మనిషినమ్మా, స్తంభాన్ని కాదు" అని అందరికీ వినపడేలా చెప్పి మరీ వెళ్ళేది.

ఇంటి దగ్గర స్తంభానికి ఏడేళ్ళ కూతురు. కిటికీలూ గోడలూ ఎక్కుతుందని దాన్ని ఉడత అని పిలిచేవాళ్ళు. సాయంత్రం తల్లి గుమ్మంలోకి రాగానే ఉడత అడిగే మాట ఒక్కటే.

"అమ్మా, చెక్క తీశావా?"

"తీయలేదు."

"ఇవాళ కూడానా!" అని చప్పట్లు కొట్టేది.

తల్లి చెప్పులు ఎక్కడ విదిలించిందో చూసుకోకుండా బాత్రూములోకి పరిగెత్తేది. రోజూ జరిగే ఆట అది. ఇద్దరికీ ఇష్టమే.

బడి తెరిచిన రెండో నెలలో ఉడత డ్రాయర్లో మరక పడింది. ఏదో తిని ఉంటుందనుకున్నారు. వారం తిరిగేసరికి అది రోజూ మాటయింది, తర్వాత రోజుకి మూడుసార్లయింది. ఆడుకుంటూ ఉండగానే వాసన వచ్చేది. అందరూ ముక్కు మూసుకున్నాక పిల్ల తన గౌను వెనక తడుముకుని చూసుకునేది.

"ఇంత పిల్లకి తెలీదంటే నేను నమ్మాలా?" అంది అత్తగారు. "ఒళ్ళు బద్ధకం. ఆటలోంచి లేవడానికి దానికి నామోషీ."

"నిజంగా తెలీలేదు నానమ్మా."

"నీకు తెలీకపోతే పోయె, వీధివీధంతా తెలుస్తోంది."

తండ్రి ఇళ్ళకి రంగులేసే పనివాడు. ఒకరోజు ఓపిక పట్టలేక చెయ్యెత్తాడు. పిల్ల తప్పుకోలేదు, అలా చూస్తూ నిలబడింది. ఎత్తిన చేత్తో తల గోక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

ఉతకడం తల్లి పని. మొదట్లో ముక్కు కొంగుతో కట్టుకుంది. తర్వాత కట్టుకోవడం మానేసింది. బ్రష్షుతో రుద్దింది, సబ్బు పెట్టింది, పిండింది, ఆరేసింది, ఇంకొకటి తీసింది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఉన్న డ్రాయర్లు చాలకపోతే, కటింగు బల్ల కింద పారేసే ముక్కలు అడిగి తెచ్చి, ఒక సెలవురోజు కూర్చుని పద్దెనిమిది కుట్టింది. తీగమీద వరసగా ఆరేస్తే ఎదురింటావిడ, "ఏంటమ్మా, కొట్టు పెడుతున్నారా?" అంది. "పెడతాం, మీ కొలతలివ్వండి" అంది అత్తగారు. కోడల్ని ఇంట్లో ఎన్ని మాటలైనా అంటుంది గానీ, బయటివాళ్ళు అంటే పడదు ఆవిడకి.

డాక్టర్ల దగ్గరికీ తిరిగారు. వీధి చివరి డాక్టరు విరేచనాలని చెప్పి, ఆగడానికి మాత్రలిచ్చాడు. నాలుగు రోజులు ఆగాయి, అయిదో రోజు నుంచి రెట్టింపయ్యాయి. రెండో ఆయన నులిపురుగులని సీసా ఇచ్చాడు. మూడో ఆయన కళ్ళజోడు సర్దుకుని, "పిల్ల మనసులో ఏదో భయం ఉంది" అన్నాడు.

"ఉంది, మీరు సూది వేస్తారని" అంది ఉడత.

అయిదు నెలలు గడిచాయి. ఒకరోజు టీచరు తల్లిని పిలిపించింది. చెడ్డ మనిషి కాదు, కిటికీలు మూసీ తెరిచీ అలిసిపోయిన మనిషి. "పక్కన ఎవరూ కూర్చోవడం లేదండీ. ఎంతని సర్దిచెప్పను? నెలాఖరుదాకా చూస్తాను. తగ్గకపోతే, తగ్గేదాకా కొన్నాళ్ళు ఇంట్లో ఉంచండి" అంది.

స్తంభం "సరేనండి" అని వచ్చేసింది. దారిలో ఆమెకి ఏమీ అనిపించలేదు. చెప్పుల చప్పుడు వింటూ నడిచింది. ఇంటి మలుపు దగ్గర మాత్రం కాళ్ళు ఆగాయి. ఆమెనీ మూడో తరగతిలో ఇలాగే ఇంట్లో కూర్చోబెట్టారు. చెల్లెలు పుట్టింది, ఎత్తుకోవడానికి మనిషి కావాలి, కొన్నాళ్ళే అన్నారు. ఆ కొన్నాళ్ళు ఇప్పటికీ అవలేదు.

మర్నాడు కాజాల ఆవిడతో రెండు ముక్కల్లో చెప్పింది. పదకొండేళ్ళలో ఆమె తన ఇంటి సంగతి నోరు విప్పి చెప్పడం అదే మొదలు.

"పిల్లల ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరమ్మ ఉంది, తీసుకెళ్ళు" అంది కాజాల ఆవిడ. "నోరు మంచిది కాదు. చెయ్యి మంచిది."

డాక్టరమ్మ నోటి సంగతి గదిలోకి వెళ్ళగానే తెలిసింది.

"దొడ్డికి వెళ్ళి ఎన్నాళ్ళయింది?"

"రోజూ పోతూనే ఉంది కదండీ, బట్టల్లో."

"బట్టల సంగతి అడిగానా? కూర్చుని, సరిగ్గా వెళ్ళి ఎన్నాళ్ళయింది?"

తల్లికి తెలియదు. ఎన్ని డ్రాయర్లు ఉతికిందో చెప్పగలదు. ఇది తెలియదు.

డాక్టరమ్మ పిల్లని పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది. తర్వాత తల్లి చెయ్యి లాగి అక్కడ పెట్టింది. బొడ్డు కింద, ఎడమపక్కన, పిండిన బట్ట ఉండచుట్టి పెట్టినంత గట్టిగా తగిలింది.

"వారాల తరబడి లోపల పేరుకుపోయింది. వెనకనుంచి వచ్చే పల్చటిది దీని పక్కనుంచి జారి బట్టల్లో పడుతోంది. మీరేమో విరేచనాలని ఆపే మాత్రలు వేశారు."

"డాక్టరుగారే ఇచ్చారండి."

"ఇస్తాడు. పొట్టమీద చెయ్యి పెట్టకపోతే నేనైనా అదే ఇస్తాను."

"మరి తెలీలేదంటుందేమండీ?"

"తెలీదు కాబట్టి. అబద్ధం కాదది. ఆపుకుని ఆపుకుని లోపల సాగిపోయింది. వచ్చిందని తెలియాల్సిన చోటు మొద్దుబారిపోయింది." డాక్టరమ్మ పిల్లవైపు తిరిగింది. "ఎందుకే ఆపుకుంటున్నావు? నొప్పా?"

"ముందు లేదు. ఇప్పుడు నొప్పి."

"మరి ముందెందుకు ఆపుకున్నావు?"

ఉడత తల్లివైపు చూసింది, ఇంత చిన్న సంగతి కూడా ఈవిడకి తెలియదా అన్నట్టు. "చెక్క తీయకూడదు కదా."

"ఏం చెక్క?"

"అమ్మ పనిలో ఎర్ర చెక్క ఉంటుంది. అది తీస్తేనే బాత్రూముకి వెళ్ళాలి. అమ్మ పదకొండేళ్ళు తీయలేదు. నేను బడిలో ఒక్కసారి కూడా తీయలేదు."

"మీ బడిలో కూడా చెక్క ఉందా?"

"లేదు, ఉందని నేనే అనుకుంటా. అమ్మ ఇంటికొచ్చాక తీసేస్తుంది. నేను ఇంట్లో కూడా తీయను. నేనే గెలిచా."

తల్లి చెయ్యి ఇంకా పిల్ల పొట్టమీదే ఉంది. తీయాలని తోచలేదు.

డాక్టరమ్మ చాలాసేపు రాసింది. గట్టిపడింది కరగడానికి కొన్ని రోజులు ఎక్కువ మందు, ఆ తర్వాత నెలల తరబడి రోజూ కొంచెం. ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు కూర్చోబెట్టాలి, కాళ్ళకింద పీట వెయ్యాలి. మధ్యలో బట్టలు పాడైతే ఒక్క మాట అనకూడదు. ఇది జబ్బనీ, అల్లరి కాదనీ, అడిగినప్పుడల్లా బాత్రూముకి పంపాలనీ బడికి ఇంకో కాగితం.

"మందు నేనివ్వగలను" అంది కాగితాలు చేతికిస్తూ. "ఆట ఆపడం నావల్ల కాదు. ఆడుతున్నది మీరిద్దరూ."

తల్లి నాలుగు రోజులు సెలవు పెట్టి పిల్లకి మందు పట్టింది. రెండో రోజు జరిగింది చూసి అత్తగారు, "ఇంత పొట్టలో ఇంతా!" అని, వెళ్ళి తను కూర్చునే పీట తెచ్చి పిల్ల కాళ్ళకింద పెట్టింది. టీచరు కాగితం రెండుసార్లు చదివి పిల్లని ఉండనిచ్చింది, గుమ్మం పక్క బెంచీలో. ఇంకో నెల చూద్దామంది.

తల్లి తిరిగి పనిలోకి వెళ్ళిన సాయంత్రం ఉడత గుమ్మంలోనే అడిగింది.

"అమ్మా, చెక్క తీశావా?"

"తీశాను" అని, చెప్పులు విదిలించి పరిగెత్తింది.

బయటికి వచ్చేసరికి పిల్ల తలుపు దగ్గరే నిలబడి ఉంది. "అబద్ధం. తీస్తే ఎందుకు పరిగెత్తావు? నువ్వు తీయకపోతే నేనూ తీయను."

ఆ రోజు బడినుంచి వచ్చిన సంచిలో మూడు డ్రాయర్లు. తల్లి వాటిని ఉతికింది. ఒక్క మాట అనలేదు, అనకూడదన్నారు కాబట్టి.

మర్నాడు పది గంటలప్పుడు పదిహేడో నంబరు కుర్చీ చప్పుడయింది. పక్కన కాజాల మిషను ఆగిపోయింది. ఆమె లైను పొడుగునా నడిచి కొక్కెం దాకా వెళ్ళింది. చెక్క ఆమె అనుకున్నదానికంటే తేలిగ్గా ఉంది.

"ఏంటి స్తంభం, ఒంట్లో బాలేదా?" అన్నాడు సూపర్‌వైజరు.

"బాగానే ఉంది. వెళ్ళాలి."

సుద్దముక్కతో పలకమీద రాసింది. ఒకటి సరిగ్గా వచ్చింది, ఏడు వంకరపోయింది. వెనకనుంచి కాజాల ఆవిడ గొంతు, "అమ్మయ్య, మాలో కలిసింది" అంది. ఎవరో నవ్వారు. బాత్రూములో ఎంతసేపు కూర్చున్నా ఏమీ రాలేదు. ఆ వేళకి లేవడం ఒంటికి తెలియదు. భోజనం తర్వాత మళ్ళీ వెళ్ళింది. అప్పుడు వచ్చింది.

సాయంత్రం సూపర్‌వైజరు పలక చదివాడు. పదిహేడు దగ్గర ఒక్క క్షణం ఆగి, "రెండు" అన్నాడు. ఆమె సిగ్గు వస్తుందేమోనని చూసింది. రాలేదు. కోపమూ రాలేదు, హాయీ రాలేదు. సంచి తీసుకుని బయల్దేరింది.

ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పి, జతగా గోడపక్కన పెట్టింది. ఉడత ఆ చెప్పులవైపు చూసింది, బాత్రూము తలుపువైపు చూసింది.

"అమ్మా, చెక్క తీశావా?"

"తీశాను."

"ఎన్నిసార్లు?"

"రెండు."

పిల్ల చప్పట్లు కొట్టలేదు. కాసేపు కాలివేలితో గడప గీకింది. "నేను ఒకసారి" అంది చివరికి. "టీచరుకి చెప్పి వెళ్ళా."

"వచ్చిందా?"

"రాలేదు. ఊరికే కూర్చున్నా."

"నాకూ మొదటిసారి రాలేదు."

అది విని ఉడత తన సంచి తెచ్చి తల్లి చేతికిచ్చింది. అందులో రెండు డ్రాయర్లున్నాయి, నిన్న మూడు. తల్లి బకెట్టు కింద పెట్టి కుళాయి తిప్పింది. బ్రష్షు కోసం చెయ్యి చాపితే, అది పిల్ల చేతిలో ఉంది.