కార్తీకంలో ఎక్కిన క్రిస్మస్ నక్షత్రం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఈ భూమ్మీద లేదు. ఇరవై నాలుగేళ్ళ వయసు, జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ, పటమటలో ఒక ప్రైవేటు కాలేజీలో గెస్టు లెక్చరర్ ఉద్యోగం, చేతిలో కొత్త ఫోను. ఈ నాలుగూ ఒకేసారి కలిసొచ్చినవాడు ఎదుటివాడికి ఏదో ఒకటి బోధించకుండా కూర్చోలేడు. కీటకాల పాఠం చెప్పేటప్పుడు పుస్తకం వంక చూడకుండా బోర్డు మీద బొద్దింకను గీసేసేవాణ్ణి. (బొద్దింక ఒక్కటే వచ్చు. మిగతా కీటకాలన్నిటికీ అదే బొమ్మకు రెక్కలు మార్చేవాణ్ణి.) అలాంటి నన్ను ఒకరోజు వెనక బెంచీలో అమ్మాయి, గోడ మీద వాలిన గోధుమరంగు పురుగొకటి చూపించి, దాని పేరేమిటని అడిగింది. నేను గంభీరంగా చిమ్మట అన్నాను. చిమ్మటని తనకూ తెలుసనీ, ఏ చిమ్మటో చెప్పమనీ అంది. గంట కొట్టారు గనక బతికిపోయాను గానీ, ఆ ప్రశ్న మాత్రం నాతోపాటే బస్సెక్కి గుణదల దాకా వచ్చింది.

గుణదలలో ఒక రిటైర్డు హెడ్ నర్సు గారి మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. వీధి వీధంతా ఆవిణ్ణి సిస్టరమ్మ అని పిలిచేవారు. ఆవిడ భర్త డ్రాయింగు మాస్టారు. ఆ వేసవిలోనే పోయారు. ప్రతి ఏడూ డిసెంబరు మొదటి రోజున మాస్టారు వెదురు బద్దలతో తన చేత్తో కట్టుకున్న నక్షత్రం, తెల్లగుడ్డ అంటించుకుని, లోపల బల్బు వెలిగించుకుని ఆ మేడ మీదికి ఎక్కేదట. అది ఎక్కాకే వీధిలో మిగతా ఇళ్ళవాళ్ళు తమ నక్షత్రాలు బయటికి తీసేవారు. ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా జరిగిపోతూ వచ్చింది. ఆయన పోయిన ఆ ఏడు మాత్రం సిస్టరమ్మ ఫాదర్ గారికీ, ఇరుగుపొరుగుకీ ముందే చెప్పేశారు, ఈ ఏడు మాకు పండగ లేదని. సున్నాలు వెయ్యరు, పిండివంటలు చెయ్యరు, నక్షత్రం ఎక్కదు. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు, శ్రావణంలో అద్దెకు దిగిన నాకు తప్ప. నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు, పురుగుల పేర్లు నేర్చుకునే పనిలో ఉన్నాను గనక.

కాలేజీలో పోయిన పరువు ఎలాగైనా దక్కించుకోవాలని, సిస్టరమ్మ పెరట్లో ఎన్ని రకాల చిమ్మటలున్నాయో జాబితా రాయడానికి పూనుకున్నాను. (చిమ్మట అనేది పుస్తకంలో మాట. మా ఊళ్ళో వీటిని దీపం పురుగులంటారు. అన్నంలో పడినప్పుడు ఇంకేవేవో అంటారు.) ఇదే పిచ్చి ఉన్నవాళ్ళ గ్రూపు ఒకటి ఫోనులో దొరికింది. కార్తీకమాసం, వానలు వెనకబట్టి చలి ఇంకా ముదరని రోజులు, పురుగులకు మంచి కాలమన్నారు. సందె వేళ మెట్ల దగ్గర లైటు వేసి, తెల్లవారుజామున లేచి, గోడకు అంటుకుని ఉన్నవాటిని ఫొటోలు తీసి గ్రూపులో పెట్టేవాణ్ణి. నాలుగోనాడు నా పంట పండింది. లేత పసుపు రెక్కలు, ఒక్కో రెక్క మీద కాటుకతో పెట్టినట్టు ఒకే ఒక్క నల్లచుక్క. ఇంత అందమైనదాన్ని నాకంటే ముందు ఎవరూ చూసి ఉండరని తేల్చేసుకుని, అరుదైన జాతి అని రాసి మరీ పంపాను. గ్రూపులో ఉన్న పెద్దాయన ఒకే ప్రశ్న వేశారు, మీది కృష్ణా జిల్లానేనా అని. ఆ అవమానం చాలక దాన్ని మా నాన్నకు కూడా పంపాను. మా నాన్న చల్లపల్లి దగ్గర వరి రైతు. వెంటనే ఫోన్ చేశాడు.

"ఒరేయ్, అది కాండం తొలిచే పురుగు తల్లిరా. మన చేలో తెల్లకంకులు తెచ్చేది అదే. దాన్ని చంపటానికి ఇరవయ్యేళ్ళుగా ఈపున మందు డబ్బా మోత్తన్నాను. నువ్వు దానికి ఫొటోలు తీత్తన్నావా?"

పుట్టి పెరిగింది ఆ చేలగట్ల మీద. ఎమ్మెస్సీలో దాని లాటిన్ పేరు కూడా రాసి మార్కులు తెచ్చుకున్నాను. అయినా ఎదురుగా గోడ మీద వాలితే పోల్చుకోలేకపోయాను. ఇక లాభం లేదని పద్ధతి మార్చాను. మేడ మీద తాడు కట్టి, తెల్ల దుప్పటి ఆరేసి, వెలుతురుకి పురుగులొచ్చి వాలేలా వెనక బల్బు పెట్టాను. మర్నాడు పొద్దున్నే చూస్తే దుప్పటి లేదు. నా గుమ్మం ముందు చక్కగా నాలుగు మడతలు పెట్టి ఉంది, ఆసుపత్రి మంచాల మీద పరిచే దుప్పట్లలా అంచుకు అంచు కలిసి. నేను మర్చిపోయాననుకుని సిస్టరమ్మే తీసి మడత పెట్టారు, పురుగులతో సహా. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆవిడతో, అది ఆరెయ్యడానికి కాదండీ అని చెప్పబోయాను. మంచులో బట్టలు వదిలేస్తే జలుబు చేస్తుందని ఆవిడే నాకు పాఠం చెప్పి పంపారు.

ఈలోగా వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురు. మూడో రోజు సాయంత్రానికి తెరిపిచ్చింది. గాలి లేదు, ఆకు కదలడం లేదు. ఇలాంటి రోజున పురుగులు విరగబడి వస్తాయని గ్రూపులో పెద్దాయన రాశారు. దుప్పటికి బదులు ఏమైనా దొరుకుతుందేమోనని మెట్ల గదిలో వెతుకుతుంటే, పాత మంచం కోళ్ళ వెనక కనబడింది నక్షత్రం. మనిషి ఎత్తున ఐదు కోణాలు, బిగించి అంటించిన తెల్లగుడ్డ, లోపల హోల్డరు, చివర ప్లగ్గుతో సహా వైరు. నా కోసమే ఎవరో చేసి దాచినట్టుంది. అది క్రిస్మస్ నక్షత్రమని తెలియక కాదు. మా ఊళ్ళో కార్తీకం నెలంతా గుళ్ళో ధ్వజస్తంభం మీద ఆకాశదీపం వేలాడుతుంది. ఆ నెలలో ఎత్తున ఒక దీపం వెలిగితే ఎవరేమనుకుంటారనే ఊహే నాకు రాలేదు. మాస్టారు పాతించిన ఇనప గొట్టానికి దాన్ని కట్టేసి, స్విచ్చి వేసి, ఘనకార్యం చేసినవాడిలా వెళ్ళి పడుకున్నాను.

తెల్లవారుజామున తలుపు తీసి నిలబడిపోయాను. నక్షత్రం తెల్లగా లేదు. ఐదు కోణాలూ రెక్కలతో నిండిపోయి ఉన్నాయి. గోరంత ఎండుగడ్డి ముక్కల్లాంటివి, బూడిదరంగువి, చెక్క పేడులా ముడుచుకున్నవి, వెండి తీగతో అల్లినట్టున్నవి, రెక్కల మీద కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నవి. నాన్న వీపున డబ్బా మోసేలా చేసిన ఆ పసుపువి కూడా వందల్లో ఉన్నాయి, చుక్క పక్కన చుక్కగా. వాటన్నిటి మధ్యలో, అరచేయంత, ఆకుపచ్చనిది ఒకటి. ఆకుపచ్చ అంటే ఒక పచ్చ కాదు. నాచు పచ్చ, చిగురు పచ్చ, వాటి మధ్య గులాబీ వంపులు, పాల తెలుపు గీతలు, ఎవరో కూర్చుని ఎంతో ఓపికగా దిద్దినట్టు. అలాంటిది ఒక పెరటి మేడ మీద, కరివేపాకు చెట్టు పక్కన, అంత మామూలుగా వాలి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఊపిరి తీస్తే లేచిపోతాయేమోనని భయం వేసింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, దాచడమెందుకు.

ఆ పరవశంలో ఉన్న నాకు వీధిలో సందడి వినపడటానికి కొంతసేపు పట్టింది. పిట్టగోడ మీంచి వంగి చూస్తే ఎదురింటాయన నిచ్చెన వేసుకుని తన నక్షత్రం కడుతున్నాడు. ఆ పక్కింట్లో ఇంకొకటి అప్పటికే ఎక్కేసింది. కిందన గేటు దగ్గర పాలాయనా, చర్చిలో పాటలు పాడించే పెద్దావిడా నిలబడి సిస్టరమ్మ చేతులు పట్టుకుని, మనసు మార్చుకున్నందుకు ఎంత సంతోషంగా ఉందో చెబుతున్నారు. పండగకి ఇంకా నెల ఉన్నా సరే, సిస్టరమ్మగారి నక్షత్రం ఎక్కిందంటే ఇక ఆగేదేముందని పెద్దావిడ అంటున్నారు. ఈ ఏడు మాకు పండగ లేదన్న మాట అప్పుడు విన్నాను, సిస్టరమ్మ నోటి వెంటే, మెల్లగా, తల పైకెత్తి మేడ వంక చూస్తూ.

మోకాళ్ళ నొప్పితో ఎన్నాళ్ళుగానో పొద్దుటి పూట మేడ ఎక్కని ఆవిడ (దుప్పట్ల కోసం మాత్రం ఎలా ఎక్కారో నాకిప్పటికీ తెలియదు) గోడ పట్టుకుని ఒక్కో మెట్టే పైకి వచ్చారు. నేను ఎమ్మెస్సీ పట్టా, ఫోను, గ్రూపు అన్నీ మరిచి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఎవరు తీశారు బాబూ, దీన్ని?"

"నేనేనండీ. పురుగుల కోసమండీ."

చరిత్రలో ఇంతకంటే పనికిమాలిన జవాబు ఎవరూ చెప్పి ఉండరు. ఆవిడ గుడ్డ ముక్క అతికించిన ఒక కోణం వైపు చెయ్యి చాచి, అప్పుడు చూశారు, గుడ్డ మీద ఏముందో. చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. కాసేపటికి పక్కనున్న బకెట్టు బోర్లించుకుని కూర్చున్నారు. ఆకుపచ్చది ఏమిటని అడిగారు. పెరట్లో నందివర్ధనం ఆకులు తినే కొమ్ము పురుగు, అదే పెరిగి ఇలా అవుతుందండీ అన్నాను. ఆ పురుగుల్ని ఆవిడ రోజూ పట్టకారుతో ఏరి ఫినాయిల్ నీళ్ళలో వేస్తున్న సంగతి ఇద్దరికీ తెలుసు. తెలుగులో దీని పేరేమిటని అడిగారు. నాకు తెలియదండీ అన్నాను. జీవితంలో ఆ మాట అనడం నాకదే మొదటిసారి. అంత తేలిగ్గా ఉంటుందని అనుకోలేదు.

"ముప్పయ్యేళ్ళు నైట్ డ్యూటీలు చేశాను బాబూ. తెల్లారేసరికి వార్డు గోడల నిండా ఇవే. రౌండ్సుకి డాక్టరు గారొచ్చేలోపు ఊడ్పించేసేదాన్ని. ఒక్కనాడూ చూళ్ళేదు."

నేను నిచ్చెన తెచ్చి నక్షత్రం దించేస్తానన్నాను. తప్పయిపోయిందనీ, గేటు దగ్గరున్న వాళ్ళందరికీ నేనే వెళ్ళి చెబుతాననీ అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. పగలంతా అవి అక్కడే పడుకుంటాయా అని అడిగారు. కొన్ని లేచిపోతాయి, చాలావరకూ చీకటి పడ్డాకే వెళతాయన్నాను. అయితే అప్పటిదాకా కదపొద్దన్నారు.

ఆ రోజు కాలేజీకి సెలవు పెట్టాను. పిట్టలు రాకుండా కాపలా కాశాను. (రెండు కాకుల్ని ఎదిరించి పోరాడాను. వీధి జనం చూశారు.) సిస్టరమ్మ మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి మళ్ళీ ఎక్కి వచ్చి అదే బకెట్టు మీద కూర్చున్నారు. పొద్దు వాలాక ఆకుపచ్చది రెక్కలు సన్నగా వణికించడం మొదలుపెట్టింది, లోపల ఏదో యంత్రం వేడెక్కుతున్నట్టు. ఉన్నట్టుండి అది లేదు. నందివర్ధనం మీదుగా కాలవ వైపు వెళ్ళిపోయిందని ఆవిడే చెప్పారు, నేను రెప్ప వేశానట. తర్వాత ఒక్కొక్కటే మిగిలినవీ వెళ్ళాయి. తెల్లగుడ్డ మళ్ళీ తెల్లగా, ఖాళీగా మిగిలింది. నేను నిచ్చెన ఎక్కడానికి సిద్ధపడ్డాను. ఆవిడ లేచి, గోడ పట్టుకుని వెళ్ళి, స్విచ్చి వేశారు.

"ఉండనీ బాబూ. ఆయనుంటే ఈపాటికి వీటి బొమ్మలన్నీ గీసేసేవారు."

ఆ ఏడు ఆ వీధిలో నక్షత్రాలు కార్తీకంలోనే ఎక్కాయి, అన్నీ. సిస్టరమ్మ ఇంటికి సున్నాలు కూడా వేశారు. పిండివంటలు మాత్రం ఎదురింటి నుంచి వచ్చాయి.

పురుగులన్నీ వెళ్ళిపోయిన ఆ రాత్రి గ్రూపులో పెద్దాయన జాబితా అడిగారు. రాయలేదన్నాను. పోనీ ఫొటోలైనా పంపమన్నారు. పొద్దుట్నుంచీ ఫోను నా జేబులోనే ఉంది, ఒక్కటీ తియ్యలేదు. అన్ని జాతులు ఒకేచోట వాలితే ఒక్కదాన్నీ నమోదు చెయ్యకుండా నోరు తెరుచుకుని నిలబడిన లెక్చరరును ఆయన ఏమన్నారో ఇక్కడ రాయను. న్యాయంగానే అన్నారు. ఇప్పుడు నాకు పర్మనెంటు ఉద్యోగం, మంచి కెమెరా, గోడ మీద ఏది వాలినా చూపు నిలవకముందే పేరు నోటికొచ్చేస్తుంది. పిల్లలకు రికార్డు ఎలా రాయాలో కఠినంగా నేర్పుతాను. ఆ లెక్కన ఆనాటి ఆ కుర్రాడి మీద నాకు కోపం రావాలి. రావడం లేదు. ఇంకో బకెట్టు బోర్లించుకుని వాడి పక్కన కాసేపు కూర్చోవాలని ఉంటుంది, అంతే.