ఉస్తాద్ చేతిలో బతికిన ఫోను

బేతంచెర్లలో నాకు సెల్‌ఫోన్ల రిపేరు నేర్పిన ఉస్తాద్ పోయిన శుక్రవారం కన్నుమూశారు. మైదుకూరులో నా అంగడి తెరుస్తుండగా ఆయన భార్య ఫోను చేసి చెప్పారు. తాళం మళ్లీ వేసేసి బేతంచెర్ల బస్సెక్కాను.

మగవాళ్లే కూర్చునే బల్ల దగ్గర నాకూ ఒక స్టూలు వేసిన మనిషి ఆయన. బండలు కోసే ఊరు కాబట్టి వచ్చే ప్రతి ఫోనులోనూ తెల్ల దుమ్మే. నోటితో ఊదితే ఆ తడికి దుమ్ము గట్టిపడి మైకు రంధ్రం పూడిపోతుందని, బ్రష్షు తప్ప ఇంకేదీ వాడనిచ్చేవారు కాదు. తడిసిన ఫోనుకైతే ఇంకో కట్టడి: విప్పి చూడందే చార్జర్ పెట్టకూడదు.

"చార్జర్ కరెంటును వాకిట్లోకి తెస్తాదంతే. బ్యాటరీకి ఎంత పంపాల్నో చూసేది లోపలి చార్జింగ్ చిప్పు. అది తడిసుంటే ఇంగెవరు చూస్తారు?" అనేవారు.

ఆ కట్టడిని నేను ఒకసారి మీరాను.

క్వారీలో బండ పడి భర్త చనిపోయిన ఒకామె, బురదలో దొరికిన అతని ఫోను తెచ్చింది. అతను తమ దగ్గర పనే చేయలేదని క్వారీవాళ్లు బుకాయిస్తున్నారట. అతను చనిపోవడానికి ముందురోజు మేస్త్రీ పనికి రమ్మన్న మాట ఆ ఫోనులో రికార్డయి ఉందట. మర్నాడే అధికారి ముందు నష్టపరిహారం విచారణ. ఉస్తాద్ నమాజుకు వెళ్లారు. ఆమె బయట మెట్టు మీద కూర్చుంది. ఆమె ఆత్రం చూడలేక, వెలుగుతుందేమోనని చార్జర్ పెట్టేశాను. కాలిన వాసన వచ్చింది.

అప్పుడే వచ్చిన ఉస్తాద్ ఫోను లాక్కుని చూశారు. గుమ్మంలోకి వెళ్లి ఆమెతో, "నా చేతిలో ఒక చిప్పు కాలిందమ్మా. ఎట్లన్నా లేపుతా" అన్నారు. నేను ఆయన వెనకే నిలబడి విన్నాను.

పాత ఫోనులోంచి తీసిన చార్జింగ్ చిప్పు అతికించారు. ఫోను వెలిగింది కానీ కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోయింది. లేచేటప్పుడు ఫోను లోపలి చిప్పులన్నిటినీ పలకరిస్తుందని, శబ్దం చూసే చిప్పు పలకనందుకు అక్కడే నిలిచిందని చెప్పారు. దాని అతుకులు మళ్లీ వేడి చేయాలి. గోరంత దూరంలోనే రికార్డులుండే మెమరీ చిప్పు. వేడి కొంచెం ఎక్కువైతే ఆ మేస్త్రీ గొంతు ఇక దొరకదు. ఫోను బోర్డు పెట్టిన పళ్లెం పట్టుకుని నేను ఊపిరి బిగబట్టి ఉంటే, "నిదానంగా ఊపిరి ఇడువు" అన్నారు. ఆయన నుదుటి చెమట మాత్రం బల్ల మీద పడుతోంది.

బొమ్మ కదిలింది. ఫోను తెరుచుకుంది. ఇతరుల రికార్డులు ఆయన ఎన్నడూ వినరు. ఆమె చేతికిచ్చి, తాను ఎండలోకి వెళ్లి నిలబడ్డారు.

"పొద్దున్నే రాప్పా, క్వారీలో మనుషులు తక్కువుండారు," అంది ఫోను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ గొంతుతోనే మర్నాడు క్వారీవాళ్ల నోళ్లు మూతపడ్డాయి.

ఇన్నేళ్లూ నిజం చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ శుక్రవారం ఉస్తాద్ ఇంటిముందు, ఆనాడు ఫోను తెచ్చినామె కనబడితే పక్కకు పిలిచి, ఆ చిప్పు కాల్చింది నేనేనని చెప్పేశాను.

ఆమె నా చేయి పట్టుకుంది. "ఆ పొద్దే తెలుసులేమ్మా. నా చేతిలో కాలిందని ఆయప్ప చెప్తాంటే, ఎనక నువ్వు చార్జర్ తీగ పట్టుకోనే నిలబడుకోనుండావు."