పొట్టోళ్ల రాజ్యంలో బాపు పెట్టిన బోరు పాయింటు

ఇప్పుడు ఫోనున్న ప్రతివాడూ ఓ రాజ్యం ఏలుతున్నాడు గానీ, మేం డిగ్రీ చదివే రోజుల్లో మేడ్చల్‌లో రాజ్యమేలాలంటే ఇంటర్నెట్ సెంటరులో మూడో నంబరు కంప్యూటరు ఖాళీ కావాలి. నా రాజ్యం అందులోనే ఉండేది. గడ్డాల మరుగుజ్జులు (మా భాషలో పొట్టోళ్లు) వెనకెప్పుడో పోగొట్టుకున్న పాతాళ నగరానికి తిరిగొచ్చి, కూలిన గోడలు తవ్వి, పొయ్యిలు పెట్టుకుని మళ్లీ కాపురాలు చేయాలి. అదీ ఆట. అందులో చచ్చినవాడు చచ్చినట్టే, వెనక్కి తిప్పడం కుదరదు. నెల రోజులు క్లాసులు ఎగ్గొట్టి (హాజరు సంగతి అడక్కండి) నలభై మంది పొట్టోళ్లను పోగుచేశాను. ఇంకొక్క గోడ తవ్వితే వాళ్ల తాతల సింహాసనం దొరుకుతుంది. సరిగ్గా అప్పుడే ఎవరు చెప్పారో గానీ, మా బాపు వచ్చి నా చెవి పట్టుకున్నాడు.

బాపు బోరు పాయింట్లు పెట్టేవాడు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టి చేనంతా తిరిగితే, నీళ్లున్నచోట కాయ లేచి నిలబడేది. ఆ ఎండాకాలం కాయ నిలబడింది గానీ నీళ్లు పడలేదు. అత్వెల్లిలో వరసగా మూడు బోర్లు దుమ్ము కక్కాయి. పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఆయన కాయ ముట్టుకోవడమే మానేసి, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేవాడు. నాకు ఆయన్ని చూస్తే భయం కన్నా బాధే ఎక్కువగా ఉండేది.

"కాలేజీకని జెప్పి గీడ ఏం జేస్తున్నవ్‌రా?"

"తవ్విస్తున్న బాపు," అన్నాను. నిజమే కదా!

ఆ ఒక్క మాటకు చెవి వదిలి స్టూలు లాక్కున్నాడు. "ఎంత లోతు పోయిన్రు?"

"ఏడంతస్తులు."

"గా ఎడమ దిక్కు గోడ తడిగున్నది, కానొస్తలేదా? గాడ కొట్టు. మస్తు నీళ్లున్నయ్."

సింహాసనం కుడివైపుంది. తడిగోడ జోలికి పోకూడదన్నది ఆ ఆటలో మొదటి రోజే నేర్చుకునే పాఠం. వద్దని చెప్పబోయి ఆయన ముఖం చూశాను. కాయ పట్టినప్పటి ముఖం అది, నెలల తర్వాత చూస్తున్నాను. కళ్లు మూసుకుని ఎడమవైపే నొక్కాను.

"పడ్డయ్‌రా! నీళ్లు పడ్డయ్! నాలుగించులు!" బాపు ఎగిరి గంతేశాడు. సెంటరంతా లేచి చప్పట్లు కొట్టింది. (మా దిక్కు నీళ్లు పడ్డాయంటే ఎవరి బోరని అడగరు, ముందు సంతోషపడతారు.) ఎవరో పరుగున పోయి కొబ్బరికాయ తెచ్చి కంప్యూటరు మీదే కొట్టబోతే, సెంటరు నడిపే అన్న దండం పెట్టి బయట కొట్టించాడు. ఈలోగా తెర మీద నా ప్రజలు ఒక్కొక్కరే గడ్డాలు పైకెత్తి తేలుతున్నారు.

"గా పొట్టోళ్లు ఏందిరా, గట్ల పండుకున్నరు?"

"ఈత కొడుతున్నరు బాపు," అన్నాను.

"కొట్టనియ్యి పాపం. ఎన్నొద్దులాయెనో తానం జేసి."

మర్నాడు పొద్దున్నే బాపు తలకు రుమాలు చుట్టుకుని, ఎవరూ పిలవకుండానే శామీర్‌పేట దిక్కు పాయింటు చూడటానికి బయల్దేరాడు. అక్కడ నీళ్లు పడ్డాయా అంటే, పడలేదు. అయినా ఆ సాయంత్రం ఇంట్లో అందరితో మాట్లాడాడు.

ప్రజలను నిండా ముంచిన రాజుగా నాకు ఇప్పటికీ సిగ్గే. కానీ బాపు మళ్లీ ఒక్కసారొచ్చి పక్కన కూర్చుని తడిగోడ చూపిస్తే, ఇంకో నలభై మందిని పోగుచేసి మరీ అక్కడే తవ్విస్తాను.