క్రేను కట్టిన మొనగాడు

బీమా ఆఫీసులో సూపరింటెండెంటుగారికి వెనకాల అందరూ పెట్టుకున్న పేరు బిగింపు. ఆయన కట్టేసిన కుళాయి మళ్ళీ తిప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఇంట్లో కాఫీపొడి సీసాకి ఆయన మూత పెడితే, భార్య ఆ సీసా పట్టుకుని పక్కింటికి వెళ్ళాల్సిందే. ఆ మొండి బలాన్నే ఆయన పనితనం అనుకున్నాడు.

దానికి తోడు ఒక కథ. చిన్నప్పుడు వాళ్ళింట్లో చిల్లుల ఇనుప పట్టీలు, బుల్లి బోల్టులు, నట్లు, చక్రాలు ఉన్న ఆటపెట్టె ఒకటి ఉండేదట. వాటితో ఆయన ఒంటిచేత్తో క్రేను కట్టాడట. పెళ్ళయిన కొత్తలో ఆ క్రేను మోకాలెత్తు ఉండేది. కూతురు పుట్టేనాటికి నడుం దాకా ఎదిగింది. ఇప్పుడు కూతురికి తొమ్మిదేళ్ళు, క్రేనుకి గుమ్మం చాలదు.

కూతురు నమ్మింది. నమ్మి ఊరుకుందా? మా నాన్న కట్టిన క్రేను సోమవారం తెచ్చి చూపిస్తానని క్లాసులో అందరికీ చెప్పేసింది. ఇక తప్పక ఆయన అలాంటి పెట్టే ఇంకోటి కొనుక్కొచ్చి, శుక్రవారం సాయంత్రం హాల్లో దుప్పటి పరిచి కూర్చున్నాడు.

"నేను పట్టుకోనా నాన్నా?" అంది పిల్ల.

"చూసి నేర్చుకో. చెయ్యి పెట్టకు," అన్నాడు మొనగాడు.

చూసింది పాపం. మొదటి బోల్టు నుంచీ ఆయన పళ్ళు బిగబట్టి, పానా ఇక తిరగనంతగా బిగిస్తూ పోయాడు. కాసేపటికి చిల్లూ చిల్లూ కలవడం మానేశాయి. పట్టీని వంచాడు. వంచిన పట్టీ పక్కదాన్ని వంకర చేసింది. శనివారం సాయంత్రానికి హాల్లో ఉన్నది క్రేను కాదు, లారీ కింద పడ్డ కుర్చీ. తప్పంతా సరుకుదే అన్నాడు. మా కాలంలో ఇలా ఉండేది కాదన్నాడు. సోమవారం ఏ మొహం పెట్టుకుని బడికి వెళ్ళాలో తెలియక పిల్ల ఏడ్చింది.

ఆదివారం పొద్దున్న ఆయన అక్క వచ్చింది. ఆవిడ పళ్ళ డాక్టరు. రోజంతా ఇతరుల నోళ్ళు తెరిపించే మనిషి కాబోలు, తన నోరు అట్టే తెరవదు. దుప్పటి మీద చతికిలబడి, తమ్ముడి బిగింపులన్నీ వదులు చేసి, వంకర పట్టీలు సాపు చేసింది.

"మొత్తం నిలబడేదాకా అన్నీ వదులుగానే ఉండాలమ్మా. తర్వాత ఒక్కోటీ బిగించుకుంటూ రావాలి."

"నీకెలా తెలుసత్తా? కట్టింది నాన్న కదా?"

అక్క తమ్ముణ్ణి చూసింది. తమ్ముడు ఫ్యానుని చూశాడు.

"కట్టేదాన్ని నేను. నట్లు దొర్లిపోకుండా డబ్బా మూతలో పోసుకుని మీ నాన్న పట్టుకునేవాడు. ఒక్కటి కూడా పోనిచ్చేవాడు కాదు."

పిల్ల ఎగతాళి చెయ్యలేదు. మూతలో నట్లు పోసి తండ్రి చేతికిచ్చింది. ఆయన పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి క్రేను లేచి, దారం చుడితే మంచినీళ్ళ గ్లాసుని పైకెత్తింది. ఆ పూట ఆయన నిజంగా సంతోషించాడు. ఆ సంతోషం చాలకపోవడమే ఆయన జబ్బు.

సోమవారం క్లాసులో పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. అత్తా నేనూ కట్టాం, నాన్న మూత పట్టుకున్నాడంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సంగతి తండ్రికి చెప్పాలని సాయంత్రం క్రేను ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. తండ్రి వచ్చేసరికి, పక్కింటాయన కూడా మూత తీసిన కాఫీపొడి సీసా ఇచ్చిపోదామని వచ్చాడు.

"భలే ఉందే. ఎవరు కట్టారండీ?" అన్నాడు పక్కింటాయన.

పిల్ల ఆశగా తండ్రి వైపు చూసింది.

"ఇంకెవరు? చిన్నప్పటి చెయ్యి, ఊరికే పోతుందా," అన్నాడు తండ్రి.

పిల్ల మొహం వాడిపోయింది. లోపల్నించి పానా, డబ్బా మూతా తెచ్చి నాలుగు బోల్టులు విప్పింది. క్రేనుకి పైన చాచి ఉన్న చెయ్యి ఊడి వచ్చింది. దాన్నీ, మూతలో పోసిన నట్లూ బోల్టులనూ తండ్రి ముందు పెట్టింది.

"ఇదొక్కటీ పెట్టు నాన్నా. అంకుల్ చూస్తారు."

పక్కింటాయన సరదాపడి మెట్టు మీద కూర్చున్నాడు. ఆయనకేం తొందర లేదు. సూపరింటెండెంటుగారు మొదటి బోల్టు తీసుకుని, చిల్లులో పెట్టి, పళ్ళు బిగబట్టి గట్టిగా బిగించాడు.