ఉమ్మి అడిగారు, ఉమ్మే ఇచ్చాం

కీమో నడుస్తున్నప్పుడు మా ఆయనకు జ్వరం రావడం కొత్త కాదు. కానీ ఆ రోజు పొద్దున మగ్గం గుంటలోంచి పైకి రాలేక అక్కడే కూర్చుండిపోయాడు. దగ్గితే తువ్వాలు మీద రక్తం చారలు కనిపించాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలిసినప్పటి నుంచి చాలా చూశాను గానీ, రక్తం చూడడం అదే మొదలు.

గద్వాలలో ఒక డాక్టర్‌కు చూపించాను. స్కాన్‌లో కొత్త మచ్చ ఉందన్నాడు. యాంటీబయాటిక్ ఇచ్చినా జ్వరం దిగకపోయేసరికి స్పూటమ్ టెస్ట్ రాశాడు. ల్యాబులో ఉన్నాయన చిన్న డబ్బా ఇచ్చి, తల కూడా ఎత్తకుండా, "ఉమ్మి పట్టుకరాపోండ్రి" అన్నాడు. మా ఆయన నోట్లో ఉన్న ఉమ్మి ఊసి ఇచ్చాడు.

ఇన్ఫెక్షన్ ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. డాక్టర్ నన్ను పక్కకు పిలిచాడు.

"స్ప్రెడ్ అయిందమ్మా. ఇగ తిప్పినా లాభం లేదు. ఇంటికి తీస్కపోయి మంచిగ చూస్కోండి."

ఇంటికొచ్చాక మా ఆడబిడ్డ, "వదినా, జర దిల్ గట్టి చేస్కో. ఎవరెవరికి కబురు పెట్టాల్నో చెప్పు" అంది. మనిషి పక్క గదిలో మంచం మీద అంతా వింటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "కబురు లేదు, ఏం లేదు. మేం హైదరాబాద్ పోతున్నం" అన్నాను.

హైదరాబాద్‌లో కీమో ఇచ్చే దవాఖానలో డాక్టర్ మేడం ఆ రిపోర్టు చదివి ముఖం చిట్లించింది. "ఈ శాంపిల్ అంతా లాలాజలమే. లోపలి కళ్ళె ఏది?"

"ఉమ్మి అడిగిండ్రు మేడం, ఉమ్మే ఇచ్చినం" అన్నాడు మా ఆయన, తలదించుకుని. తప్పు వాళ్లది, సిగ్గు ఆయనది. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

సన్నని గొట్టం లోపలికి పంపి బ్రాంకోస్కోపీ చేసి, ఊపిరితిత్తి లోపల కడిగిన నీళ్లు టెస్టుకు పంపారు. ఆస్పర్‌జిల్లస్ అని తేలింది.

"ఫంగస్ అమ్మా, అంటే బూజు. కీమోతో ఒంట్లో శక్తి తగ్గినప్పుడు పడుతుంది. స్కాన్‌లో చూస్తే క్యాన్సర్ పెరిగినట్టే అనిపిస్తుంది. దీనికి మందుంది" అంది మేడం.

మందుంది! మందున్న జబ్బుతో మనిషిని చావడానికి ఇంటికి పంపారు.

ఆ ఫంగస్ మందు, వోరికొనజోల్, మొదలుపెట్టాక ఇంకో పరేషాన్. ఒకరోజు పట్టు పోగు చుట్టిన కండె చేతిలో పట్టుకుని, "ఏందే, ఈ ఎరుపు గిట్ల మెరుస్తుంది? నా కండ్లు పోయినయా?" అని అడిగాడు. రంగులే ఆయన బతుకు. మందు వల్లేనని చెప్పి మోతాదు మార్చారు, చూపు కుదుటపడింది. లివర్ టెస్టులు తేడాగా వచ్చి కొన్నాళ్లు కీమో కూడా ఆపారు.

ఇప్పుడు జ్వరం లేదు, రక్తం లేదు. క్యాన్సర్ ఉంది, మళ్లీ కీమోకు తిరుగుతున్నాం. మగ్గంలోకి దిగలేడు గానీ కండెలు చుడుతూ, పోగు సరిగ్గా తియ్యలేదని నన్ను తిడుతుంటాడు. తిట్టనీ.

మాకెవరూ చెప్పని మాట మీకు చెబుతున్నాను. స్పూటమ్ అంటే ఉమ్మి కాదు. పొద్దున్నే నోరు పుక్కిలించి, గట్టిగా దగ్గి, లోపలి నుంచి వచ్చిన కళ్ళె ఇవ్వండి. కీమోలో ఉన్న మనిషికి జ్వరం దిగకపోతే ఫంగస్ టెస్ట్ చేశారా అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. సరిగ్గా చూడకుండానే ఇంటికి తీసుకుపొమ్మంటే మాత్రం, ఆ డాక్టర్ ముందు కుర్చీలోంచి లేవకండి.